అనవసరం అనుకున్నవన్నీ ఆపేశాం, అయినా నెలాఖరుకి సున్నా. డబ్బు ఎటు పోతోంది?

#1 నెలాఖరు_రావు
బయట తిండి తగ్గించాం, బట్టలు తగ్గించాం, లైటు ఆర్పడం మర్చిపోయినవాళ్లకి ఇంట్లో జరిమానా కూడా పెట్టాం. నెలలు గడుస్తున్నా మిగులు కనబడట్లేదు. జీతం 100 భాగాలు అనుకుంటే ఇలా పోతోంది: అద్దె 28, తిండి సరుకులు 22, వాయిదాలు 14, చదువులు 9, కరెంటు నీళ్లు గ్యాస్ కలిపి 7, ఫోన్లు నెట్ 3, ఇతరాలు 17. ఇంకేం కోయాలో చెప్పండి. "కాస్త చూసి ఖర్చుపెట్టుకోండి" అనే సలహా మాత్రం వద్దు, మా మామగారి దగ్గర బోలెడు స్టాకు ఉంది.

#2 గుండుసూది
ఇతరాలు 17! కరెంటు, నీళ్లు, గ్యాస్ మూడూ కలిపినా దాంట్లో సగం లేవు. ఏనుగు దూరే సందు వదిలేసి ఎలక కన్నానికి మట్టి పూస్తున్నారు సార్.

#3 లెక్కలక్క
గుండుసూది చెప్పింది నిజం. ఆ 17ని ముందు విప్పండి. పద్ధతి ఇది.

బ్యాంకు స్టేట్‌మెంటు, కార్డు స్టేట్‌మెంటు రెండూ 12 నెలలవి దించుకోండి. మూడు నెలలవి చూస్తే లాభం లేదు. యాంటీవైరస్, క్లౌడ్ స్టోరేజీ, జిమ్, ఏదో యాప్ ప్రీమియం లాంటివి ఏడాదికోసారి పడతాయి, మూడు నెలల కిటికీలోంచి కనబడవు. అన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లో వేసి, ముందు డబ్బు ఎవరికి వెళ్లిందో ఆ పేరు వారీగా, తర్వాత మొత్తం వారీగా సార్ట్ చేయండి. ఒకే పేరు, ఒకే మొత్తం పదే పదే వస్తే అది తనంతట తాను కట్ అవుతున్న ఖర్చు. వాటికి "ఆటో" అని రాయండి. వడ్డీ, లేటు ఫీజు, మినిమమ్ బ్యాలెన్సు జరిమానా, ప్రాసెసింగ్ ఫీజు లాంటివాటికి "ఫీజు". మిగిలినవి మనం చేత్తో కట్టినవి. వాటి జోలికి ఇప్పుడే వెళ్లకండి.

ముందు ఫీజులు, తర్వాత ఆటోలు, ఆఖర్న చేతి ఖర్చులు. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. అందుకే ఇంట్లో గొడవలు ఎక్కువ, మిగులు తక్కువ.

#4 చిల్లరదేవుడు
అక్కా, స్టేట్‌మెంట్లో నగదు కనబడదు కదా. ఏటీఎంలో తీసిందంతా ఒకే లైను. నెలంతా ప్రతి రూపాయీ పుస్తకంలో రాస్తే తప్ప బయటపడదు.

#5 లెక్కలక్క
@చిల్లరదేవుడు ప్రతిదీ రాయమంటే రెండో వారంలో పుస్తకం మూలన పడుతుంది, అది పద్ధతిలో ఉన్న లోపం. నగదు ఒక్కటే రాయండి, అదీ ఖర్చు చేసేటప్పుడు కాదు, రాత్రి ఒక్కసారి: పర్సులో పొద్దున ఎంత, ఇప్పుడెంత, తేడా దేనికి. గుర్తురానిది "తెలీదు" అని రాసేయండి. ఆ "తెలీదు" మొత్తం ఖర్చులో 5 శాతం లోపు ఉంటే వదిలేయొచ్చు. దాటితేనే తవ్వాలి.

#6 మీటర్_మాస్టారు
ఆ 7 సంగతి నేను చెప్తా. రావుగారూ, జరిమానా తప్పు వస్తువు మీద వేశారు.

9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రాత్రి 10 గంటలు వెలిగినా 0.09 యూనిట్. నీళ్లు కాగడానికి లెక్క: లీటర్లు × పెరగాల్సిన డిగ్రీలు ÷ 860 = యూనిట్లు. 20 లీటర్ల బకెట్ 25 డిగ్రీల నుంచి 40కి రావాలంటే 0.35 యూనిట్. షవరు నిమిషానికి 10 లీటర్లు పోస్తుంటే 8 నిమిషాల వేడినీళ్ల స్నానం 80 లీటర్లు, అంటే 1.4 యూనిట్లు. ఆ ఒక్క స్నానం కరెంటుతో ఆ బల్బు 155 గంటలు వెలుగుతుంది. వేడిచేసేవి, చల్లబరిచేవి, 24 గంటలూ ఆన్‌లో ఉండేవి: బిల్లు ఈ మూడింట్లో ఉంటుంది.

మూడోది పట్టుకోవడానికి ఏ పరికరమూ కొనక్కర్లేదు. మీటరు మీద మినుకుమినుకుమనే చిన్న ఎర్ర లైటు చూడండి. పక్కన ఒక యూనిట్‌కి ఎన్ని మినుకులో అచ్చు వేసి ఉంటుంది: 3200, 1600, 1000 ఇలా. 36 లక్షలని ఆ అంకెతో భాగించండి. 3200 అయితే 1125 వస్తుంది, 1600 అయితే 2250, 1000 అయితే 3600. రెండు మినుకుల మధ్య ఎన్ని సెకన్లో చూసి దాంతో భాగిస్తే ఆ క్షణాన ఇల్లు లాగుతున్న వాట్లు వస్తాయి. 3200 మీటరులో 15 సెకన్లకోసారి మినుకుతుంటే 75 వాట్లు.

రాత్రి అందరూ పడుకునే ముందు ఫ్యాన్లు, లైట్లు ఆపి, ఫ్రిజ్‌ని ఓ పది నిమిషాలు ఆపి కొలవండి. రిమోట్‌తో ఆపినవి అలాగే ఉంచండి, మనం చూడాల్సింది వాటినే. కనీసం ఐదు మినుకులు లెక్కపెట్టి సగటు తీయండి. ఒక్కదాని మీద లెక్కేస్తే తప్పొస్తుంది.

#7 పప్పులో_కాలు
ఫోన్ ఛార్జర్లు ప్లగ్గులోంచి పీకేస్తే ఎంత మిగులుతుంది? మా ఇంట్లో దీని మీద పెద్ద యుద్ధం.

#8 మీటర్_మాస్టారు
1 వాట్ ఏడాదంతా లాగితే 8.76 యూనిట్లు. ఈ ఒక్క అంకె గుర్తుంచుకుంటే చాలు. ఫోన్ తగిలించని మంచి ఛార్జర్ 0.1 నుంచి 0.3 వాట్ లాగుతుంది, ఏడాదికి 1 నుంచి 3 యూనిట్లు. టీవీ సెట్‌టాప్ బాక్సు రిమోట్‌తో ఆపినా 10 వాట్లు లాగేవి ఉన్నాయి: ఏడాదికి 88 యూనిట్లు. నాసిరకం ఛార్జర్ వేడెక్కుతుంటే మాత్రం పీకండి, అది పొదుపు కోసం కాదు, ఇల్లు కాలకుండా.

#9 పప్పులో_కాలు
ఈ పోస్టు ప్రింటు తీసి హాల్లో అతికిస్తున్నా.

#10 నెలాఖరు_రావు
కొలిచా మాస్టారూ. మీటరు మీద 3200. ఫ్రిజ్ ఆపాక కూడా 9 సెకన్లకో మినుకు. అంటే 125 వాట్లా? ఇంట్లో ఏమీ నడవట్లేదే!

#11 మీటర్_మాస్టారు
125 వాట్లంటే రోజుకి 3 యూనిట్లు, నెలకి 90. మీరు నిద్రపోతుంటే పోతున్నాయి. మెయిన్ బోర్డు దగ్గర ఎంసీబీలు (ఒక్కో లైనుకి కరెంటు ఆపే మీటలు) ఒక్కొక్కటే దించుతూ ప్రతిసారీ మినుకులు లెక్కపెట్టండి. ఏది దించినప్పుడు వ్యవధి బాగా పెరిగిందో అదే దొంగ. చెయ్యి తడిగా ఉంటే వద్దు. బోర్డు మూత తెరవకండి, పైన ఉన్న మీటలు చాలు.

#12 సేవర్_కింగ్
ఇంత కష్టం ఎందుకు? ప్లగ్గులో పెట్టే పవర్ సేవర్ డబ్బా ఒకటి కొంటే బిల్లు 40 శాతం తగ్గుతుంది. లింకు ఇస్తున్నా.

#13 మోడరేటర్
లింకు తీసేశాం.

#14 మీటర్_మాస్టారు
ఎందుకు తీసేశారో కూడా చెప్పాలి, లేకపోతే మళ్లీ ఎవరో కొంటారు. ఆ డబ్బాలో ఉండేది ఒక కెపాసిటర్, ఒక ఎల్‌ఈడీ. కెపాసిటర్ పవర్ ఫ్యాక్టర్‌ని, అంటే తీగల్లో వచ్చే కరెంటులో ఎంత వంతు నిజంగా పనికొస్తోందన్న అంకెని, సరిచేస్తుంది. అయితే యూనిట్లలో బిల్లు వేసే ఇంటి మీటరు లెక్కపెట్టేది నిజంగా ఖర్చయిన శక్తిని, పవర్ ఫ్యాక్టర్ మారినా ఆ అంకె మారదు. ఆ ఎల్‌ఈడీ వెలిగినంత కరెంటు అదనం.

#15 గుండుసూది
సేవర్ కింగ్ గారు రాజ్యం వదిలి వెళ్లినట్టున్నారు.

#16 నెలాఖరు_రావు
ఎంసీబీలు దించి చూశా. ఇన్వర్టర్ ఉన్నది దించగానే 9 సెకన్లు కాస్తా 33 అయింది. అంటే అదొక్కటే 90 వాట్ల దాకా! బ్యాటరీ పాతదే, కానీ కరెంటు పోతే పనిచేస్తోంది కదా?

#17 బ్యాటరీ_బాబాయ్
ముందు ఒకటి చెప్పండి: కొలవడానికి ముందు కరెంటు పోయిందా? పోతే అది మామూలు ఛార్జింగే. పోకుండా 12 గంటలు గడిచాక కూడా 90 వాట్లు లాగుతుంటే బ్యాటరీ నిండట్లేదని అర్థం.

లెడ్ యాసిడ్ బ్యాటరీ ముసలిదయ్యాక పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, లేదా ఆరు సెల్లుల్లో ఒకటి షార్ట్ అవుతుంది. ఛార్జర్ దాన్ని నింపాలని చూస్తూనే ఉంటుంది, ఆ కరెంటంతా వేడిగా, నీళ్లు ఆవిరి కావడంగా పోతుంది. గుర్తులు: పక్కగోడ చేతికి వెచ్చగా తగలడం, డిస్టిల్డ్ వాటర్ తరచూ పోయాల్సి రావడం, ఒక మూత దగ్గరే బుడగలు ఎక్కువగా రావడం. హైడ్రోమీటర్‌తో (లోపలి యాసిడ్ సాంద్రత కొలిచే గొట్టం) ఆరు సెల్లులూ చూడండి. నిండిన బ్యాటరీలో 1.250, 1.260 అటూ ఇటూ ఉండాలి. ఐదు బాగుండి ఒకటి 1.150 దగ్గర ఆగితే ఆ బ్యాటరీ పని అయిపోయింది. చూసేటప్పుడు కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకోండి, దగ్గర్లో అగ్గిపుల్ల గీయొద్దు, హైడ్రోజన్ ఉంటుంది.

కుళాయి నీళ్లు మాత్రం పోయకండి. మిగతా సెల్లులు కూడా చస్తాయి.

#18 నెలాఖరు_రావు
కరెంటు నిన్నటినుంచి పోలేదు. వెచ్చగానే ఉంది బాబాయ్.

#19 బ్యాటరీ_బాబాయ్
అయితే హైడ్రోమీటర్ చూపించేదాకా రాత్రిళ్లు ఇన్వర్టర్ స్విచ్చి ఆపి, దాని ఎంసీబీ దించి పెట్టండి. 90 వాట్లంటే నెలకి 65 యూనిట్లు. కొత్త బ్యాటరీ ధరని మీ యూనిట్ ధరతో భాగించండి, ఎన్ని యూనిట్లు వస్తే వాటిని 65తో భాగించండి. అన్ని నెలల్లో తన ఖర్చు తాను తీర్చుకుంటుంది.

#20 చిల్లరదేవుడు
ఈ భాగహారం బాగుంది. ఫ్యాన్లకి కూడా ఇదే కదా? పాతవి పీకేసి బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు లాగే కొత్తరకం మోటారువి) పెట్టించమని అందరూ చెప్తున్నారు.

#21 మీటర్_మాస్టారు
అదే లెక్క. పాత ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ 30 అనుకుంటే తేడా 45. రోజుకి 12 గంటలు తిరిగే పడకగది ఫ్యాన్‌లో 0.54 యూనిట్ మిగులు. రోజుకి గంట తిరిగే గెస్ట్‌రూమ్ ఫ్యాన్‌లో 0.045. మొదటిది మార్చండి, రెండోదాన్ని దాని మానాన తిరగనివ్వండి. ఇంట్లో ఉన్నవన్నీ ఒకేసారి మార్చేవాళ్లు ఇక్కడే నష్టపోతారు.

బిగించేటప్పుడు పాత రెగ్యులేటర్‌ని తప్పించి నేరుగా స్విచ్చికి కలపమనండి. రెగ్యులేటర్ గుండా ఇస్తే లోపలి సర్క్యూట్ చెడిపోవచ్చు, వారంటీ కూడా ఇవ్వకపోవచ్చు.

#22 వేడినీళ్ల_వెంకడు
గీజరు రోజంతా ఆన్‌లో ఉంచితేనే కరెంటు తక్కువ, ప్రతిసారీ ఆపి వేస్తే మొదట్నుంచీ కాగాలి కాబట్టి ఎక్కువ అంటారు. నిజమేనా?

#23 మీటర్_మాస్టారు
కాదు. ట్యాంకు బయటికి వదిలే వేడి, లోపలి నీళ్లకీ గదికీ ఉన్న తేడాని బట్టి ఉంటుంది. నీళ్లు చల్లారేకొద్దీ నష్టం తగ్గుతుంది. ఎప్పుడూ వేడిగా ఉంచితే నష్టం ఎప్పుడూ గరిష్ఠమే. ఆపితేనే మిగులు. అది ఎంతన్నది మాత్రం ఇన్సులేషన్‌ని బట్టి ఉంటుంది. 2 కిలోవాట్ల ఎలిమెంటుతో 25 లీటర్లు 35 డిగ్రీలు పెరగడానికి అరగంట, 15 లీటర్లకైతే 18 నిమిషాలు. అంతకంటే బాగా ఎక్కువ పడుతుంటే ఎలిమెంటు మీద సున్నం పేరుకుందేమో చూపించండి.

థర్మోస్టాట్ 75లో ఉంటే 60కి దించండి. మరీ 45కి దించి రోజులతరబడి నిల్వ ఉంచకండి, గోరువెచ్చటి నిల్వనీళ్లలో బాక్టీరియా పెరుగుతుంది.

#24 ఇంటావిడ
అందరూ మీటర్ల దగ్గరే కూర్చున్నారు. ఆ 14 వాయిదాలు ఎవరూ అడగరేం? అన్నిటికంటే అదే అనవసరం కావచ్చు.

#25 నెలాఖరు_రావు
రెండున్నాయమ్మా. బండి లోను ఒకటి, 10 శాతం ఫ్లాట్, రెండేళ్లు. ఇంకోటి క్రెడిట్ కార్డు, నెలనెలా మినిమమ్ డ్యూ, అదే బిల్లులో కట్టి తీరాల్సిన కనీస మొత్తం, తప్పకుండా కడుతున్నాం. ఒక్కసారి కూడా లేటు కాలేదు.

#26 వడ్డీకాసు
అయ్యో.

ఫ్లాట్ సంగతి ముందు. 100 అప్పు, రెండేళ్లకి వడ్డీ 20, మొత్తం 120ని 24తో భాగిస్తే నెలకి 5. కానీ మీ దగ్గర 100 మొదటి నెలే ఉంది, ప్రతి నెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం 100 మీదే వేశారు. తగ్గే బాకీ లెక్కలో అది ఏడాదికి 18 శాతం. 10 అని రాసి 18 తీసుకుంటున్నారు.

ఇక కార్డు. నెలకి 3 శాతం వడ్డీ అయితే ఏడాదికి 36 కాదు, వడ్డీ మీద వడ్డీ కలిపి 42.6. మినిమమ్ 5 శాతం అనుకుందాం. ఈ నెల 100 బాకీ 103 అవుతుంది, 5 శాతం కడితే 97.85. అంటే మీరు 5 పైచిలుకు కట్టినా బాకీ 2 చిల్లరే తగ్గింది. ఈ వేగంతో బాకీ సగానికి రావడానికే 32 నెలలు, అదీ కొత్తగా ఏమీ గీకకపోతే. పైగా పాత బాకీ ఉన్నంతకాలం చాలా కార్డుల్లో వడ్డీలేని గడువు ఉండదు, కొత్తగా కొన్నదానికి కొన్నరోజు నుంచే వడ్డీ పడుతుంది. లేటు కాకపోవడం వల్ల జరిమానా ఒక్కటే తప్పింది.

చేయాల్సింది: కార్డు వాడకం ఈరోజే ఆపండి. దాని మీద ఉన్న ఆటోడెబిట్లన్నీ బ్యాంకు ఖాతాకి మార్చండి. పొదుపు ఖాతాలో ఏమైనా ఉంటే ఒక నెల ఖర్చుకి సరిపడా ఉంచి మిగతాది కార్డుకి కట్టేయండి. చాలకపోతే తక్కువ వడ్డీకి వేరే అప్పు తీసుకుని కార్డు మూయడం కూడా లాభమే, ఆ తర్వాత కార్డు మళ్లీ నింపకుండా ఉంటేనే.

#27 చిల్లరదేవుడు
చిన్న బాకీ ముందు తీర్చేస్తే ఉత్సాహం వస్తుంది కదా, నాకు ఆ పద్ధతే ఇష్టం. బండి లోను ముందు తీర్చేయొచ్చుగా.

#28 వడ్డీకాసు
ఉత్సాహానికి విలువ ఉంది, కాదనను. 18కీ 20కీ మధ్య అయితే మీ ఇష్టం అనేవాణ్ణి. 18కీ 42కీ మధ్య ఉత్సాహం ఖరీదు మరీ ఎక్కువ. పైగా ఫ్లాట్ లోను మధ్యలో మూసేస్తే మిగిలిన వడ్డీ మొత్తం తగ్గించరు కొందరు. ఈరోజు మూస్తే ఎంత కట్టాలో రాతపూర్వకంగా తీసుకోండి, మిగిలిన వాయిదాల మొత్తంతో పోల్చండి. తేడా నామమాత్రంగా ఉంటే దాన్ని దాని దారిన నడవనివ్వండి.

#29 ఇంటావిడ
చూశారా, ఇక్కడుంది అసలు ఖర్చు.

#30 కుళాయి_వాషర్
నీళ్లకి మీటరు ఉన్నవాళ్లకి రెండు పరీక్షలు. రాత్రి అన్ని కుళాయిలూ కట్టి రీడింగు రాసుకోండి, పొద్దున ఎవరూ వాడకముందు మళ్లీ చూడండి. కదిలితే ఎక్కడో కారుతోంది. రెండోది ఫ్లష్ ట్యాంకు: లోపలి నీళ్లలో కాస్త తినే రంగు కలిపి 20 నిమిషాలు ఫ్లష్ చేయకుండా వదలండి. కింద కమోడ్‌లో రంగు కనబడితే అడుగు రబ్బరు వాషరు పోయింది. రంగు కనబడకపోయినా ట్యాంకు నిండాక సన్నగా చప్పుడు వస్తుంటే పైన ఓవర్‌ఫ్లో గొట్టంలోకి పోతోందన్నమాట, ఫ్లోట్‌ని దించి నీటిమట్టం గొట్టం అంచుకి రెండున్నర సెంటీమీటర్లు కిందకి తేవాలి.

కుళాయి సెకనుకో చుక్క కారితే రోజుకి 30 లీటర్ల దాకా పోతాయంటారు.

#31 గుండుసూది
30 ఎలా? మిల్లీలీటరుకి 20 చుక్కలు అంటారు. 86,400 చుక్కలు అంటే 4.3 లీటర్లే.

#32 కుళాయి_వాషర్
20 చుక్కలు మందు డ్రాపర్‌కి. కుళాయి మూతి వెడల్పు, చుక్క పెద్దది. అయినా మీ మాటా కొట్టేయలేను, మూతిని బట్టి మారుతుంది. గ్లాసు పెట్టి 10 నిమిషాలు పట్టండి, వచ్చినదాన్ని 144తో గుణించండి. 50 మిల్లీలీటర్లు వస్తే రోజుకి 7.2 లీటర్లు. ఇద్దరం కరెక్టే అనుకుని ముందుకెళ్దాం.

#33 పప్పులో_కాలు
కుళాయికి నీళ్లు ఆదా చేసే ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే జల్లెడ మూతి) బిగిస్తే సగం మిగులుతాయట కదా?

#34 కుళాయి_వాషర్
ప్రెషర్ ఉంటేనే. డాబా మీద ట్యాంకు నుంచి వచ్చే నీళ్లకి 10 మీటర్ల ఎత్తుకి 1 బార్ ప్రెషర్. పై అంతస్తులో ట్యాంకు 3 మీటర్లే పైన ఉంటే 0.3 బార్. చాలా ఏరేటర్లకి అది చాలదు, నీళ్లు నత్తనడక నడుస్తాయి, ఇంట్లోవాళ్లు పీకి అవతల పారేస్తారు. ముందు బకెట్ పెట్టి నిమిషానికి ఎన్ని లీటర్లో కొలవండి. 6 కంటే తక్కువ వస్తుంటే ఏరేటర్ జోలికి పోవద్దు.

#35 నెలాఖరు_రావు
లెక్కలక్కా, 12 నెలలవి తీశాను. యాప్ ఎప్పుడో డిలీట్ చేసిన రెండు వీడియో సభ్యత్వాలు ఇంకా కట్ అవుతున్నాయి. పాత టీవీకి పొడిగించిన వారంటీ ఒకటి, ఆ టీవీ ఇంట్లో లేదు. ఫోన్ పోతే బీమా అని ఇంకోటి. ఇవే "ఇతరాలు"లో నాలుగో వంతు. ఆటోడెబిట్ బ్యాంకులో ఆపేస్తే చాలా?

#36 లెక్కలక్క
చాలదు, వరస ముఖ్యం. ముందు ఆ సంస్థ వెబ్‌సైట్లో లేదా ఫోన్ యాప్ స్టోర్‌లోని సభ్యత్వాల పేజీలో రద్దు చేయండి. యాప్ డిలీట్ చేస్తే ఫోన్‌లోంచి పోతుందంతే, ఒప్పందం పోదు. రద్దు అయిందన్న మెయిల్ దాచుకోండి. తర్వాతే బ్యాంకులో ఆటోడెబిట్ తీసేయండి. ముందు బ్యాంకులో ఆపేస్తే కొన్నిచోట్ల ఒప్పందం నడుస్తూనే ఉండి బాకీగా రాస్తారు.

కొత్తగా ఏదైనా ఉచిత ట్రయల్ తీసుకుంటే అదేరోజు రద్దు చేయండి. చాలావాటిలో గడువు పూర్తయ్యేదాకా వాడుకోనిస్తారు. వెంటనే ఆపేస్తామని తెరమీద రాస్తే మాత్రం గడువుకి రెండ్రోజుల ముందు అలారం పెట్టుకోండి.

#37 తరాజు
22 తిండి మీద ఒక్క మాట. ప్యాకెట్ ధర చూడకండి, 100 గ్రాముల ధర చూడండి. ప్యాకెట్ 500 నుంచి 450కి తగ్గించి ధర అలాగే ఉంచితే రేటు 11 శాతం పెరిగినట్టు. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకే అన్న నమ్మకం కూడా వద్దు, ఒక్కోసారి మధ్య సైజుదే చవక.

చవకే అయినా ఇంకో పరీక్ష ఉంది. పెద్దది 15 శాతం చవక అయితే, అందులో 15 శాతం కంటే ఎక్కువ పాడైపోతే నష్టం. సబ్బులు, పొడులు పెద్దవి కొనండి. నూనెలు, పిండ్లు, గింజలు ఎంతకాలంలో అయిపోతాయో చూసి కొనండి.

#38 ఇంటావిడ
సబ్బుపొడి పెద్ద డబ్బా కొంటే రెండింతలు గుమ్మరిస్తారు మావాళ్లు, దానికేం లెక్క?

#39 తరాజు
లోపల కొలత చెంచా పడేసి, గీత మీద మార్కర్‌తో రాయండమ్మా. పొడి ఎక్కువైతే బట్టలు ఎక్కువ శుభ్రం కావు, నురగ ఎక్కువై మెషీన్ మళ్లీ జాడిస్తుంది, నీళ్లూ కరెంటూ అదనం. డ్రమ్ములో బట్టల పైన అరచెయ్యి దూరేంత ఖాళీ ఉండాలి. ఉతికేది మామూలు చెమట బట్టలైతే చన్నీళ్లు చాలు. నెలకోసారి ఖాళీ డ్రమ్ముని వేడినీళ్లతో తిప్పండి, లేకపోతే జిడ్డు పేరుకుని వాసన వస్తుంది.

#40 పొయ్యిగడ్డ
గ్యాస్ గురించి ఎవరూ మాట్లాడలేదు. నీళ్లు మరిగాక మంట తగ్గించండి. మరిగే నీళ్లు 100 డిగ్రీలే, మంట పెంచితే ఆవిరి ఎక్కువ వస్తుంది తప్ప వేడి పెరగదు. కుక్కర్ కూడా అంతే, మొదటి విజిల్ తర్వాత సన్నసెగ. గ్యాస్కెట్ పక్కనుంచి ఆవిరి కొడుతుంటే ప్రెషర్ రాదు, రబ్బరు మార్చండి. మంట గిన్నె అడుగు దాటి పక్కలకి పాకకూడదు. మంట పసుపుగా ఉండి గిన్నెలు నల్లబడుతుంటే బర్నర్ రంధ్రాలు మూసుకున్నాయి, లేదా గాలి చాలట్లేదు. పిన్నుతో రంధ్రాలు తీసి, కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి.

ఖర్చు మిగల్చాలని గ్యాస్ ట్యూబ్ మాత్రం సాగదీయకండి. దాని మీద గడువు తేదీ ఉంటుంది.

#41 వడ్డీకాసు
పొయ్యిగడ్డ భలే గుర్తుచేశారు. కోయకూడనివి కూడా రాద్దాం: ఆరోగ్య బీమా, సంపాదించేవాళ్ల మీద టర్మ్ బీమా, బండి బ్రేకులు టైర్లు, ఇంటి ఎర్తింగు. ఆరోగ్య బీమా ప్రీమియం ఎక్కువనిపిస్తే రద్దు చేయకుండా, చిన్న క్లెయిములు మనమే భరించే రకం పాలసీకి మారితే ప్రీమియం తగ్గుతుంది. ఫోన్ పోతే ఇచ్చే బీమా రద్దు చేయడంలో తప్పులేదు, పోతే కొనుక్కోగలం. కొనుక్కోలేని నష్టానికే బీమా.

#42 ఇంటావిడ
పిల్లల డ్రాయింగ్ క్లాసు కూడా "కోయకూడనివి"లో రాయండి. మగవాళ్లు లిస్టు పట్టుకుని కూర్చుంటే ముందు దాని మీదే గీత పడుతుంది.

#43 చిల్లరదేవుడు
ఇంటావిడ గారూ, మగవాళ్ల లిస్టులో ముందు మా టీ మీదే గీత పడుతుంది, మీకు తెలీదు.

#44 నెలాఖరు_రావు
హైడ్రోమీటర్ చూపించా. ఐదు సెల్లులు 1.240 పైన, ఒకటి 1.140. బాబాయ్ చెప్పినట్టే. కార్డు నుంచి ఆటోడెబిట్లు మార్చేశాం. బండి లోను వాళ్లు లెక్క రాసివ్వడానికి తిప్పుతున్నారు. ఫ్రిజ్ కూడా చూద్దామనుకుంటున్నా, డయల్ 5లో పెట్టాం, తక్కువ చేయాలా ఎక్కువ చేయాలా?

#45 మీటర్_మాస్టారు
చాలా ఫ్రిజ్‌ల్లో డయల్ అంకె పెరిగితే చలి పెరుగుతుంది, అంటే 5 గట్టిగా ఉన్నట్టే. ఊహించకుండా మధ్య అరలో గ్లాసు నీళ్లలో థర్మామీటర్ పెట్టి రాత్రంతా వదలండి. 4 డిగ్రీలు చూపిస్తే సరి, 1 చూపిస్తే డయల్ ఒక గీత తగ్గించి మర్నాడు మళ్లీ చూడండి. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూసి లాగండి, సులువుగా జారి వస్తే అక్కడ చలి కారుతోంది. ముందు రబ్బరు మడతల్లో మురికి తుడిచి, మళ్లీ చూసి, అప్పటికీ జారితేనే మార్చండి. ఫ్రీజర్‌లో అర సెంటీమీటరు మించి మంచు పేరుకుంటే కరిగించండి, కత్తితో చెక్కకండి, గ్యాస్ గొట్టం చిల్లు పడితే ఫ్రిజ్ మొత్తం పోయినట్టే.

#46 పప్పులో_కాలు
మా వాటర్ ప్యూరిఫయర్ ఆపేసినా వేస్టు గొట్టంలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. అది మామూలేనా?

#47 కుళాయి_వాషర్
మామూలు కాదు. ఆపాక ఓ నిమిషం కారి ఆగాలి. ఆగకపోతే లోపలికి నీళ్లు ఆపే సోలనాయిడ్ వాల్వులో చెత్త ఇరుక్కుంది, లేదా అది పోయింది. ఇన్‌లెట్ కుళాయి కట్టేసి వాల్వు మార్పించండి, చిన్న భాగమే. మెంబ్రేన్ (నీళ్లు వడకట్టే పొర) కూడా మార్చాలని అంటే ముందు శుద్ధినీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) మీటర్‌తో కొలిచి చూపించమనండి. అంకె పెరగకపోతే మెంబ్రేన్ బాగానే ఉంది.